దూది పెట్టిన కోటు

కుట్టు షాపు, కటింగ్ బల్ల దగ్గర
చలి మొదలైన వారం

మా ఇంటి ఆడపడుచు గారికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. ఫోన్ మోగితే చాలు, మీ అన్నయ్య స్పీకర్ పెట్టి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. ఆయన్ని ఎదురుగా పెట్టుకుని ఆయన మీదే చాడీలు ఎలా చెప్పను? అందుకని షాపులో కూర్చుని రాసి, నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. నీ జవాబు కూడా షాపుకే పంపు. వదినా మరదళ్ళ మధ్య సవాలక్ష ఉంటాయి, అవన్నీ ఆయనకెందుకు?

నువ్వు అంటించిన పిచ్చి ఇక్కడ బాగానే ముదిరింది. బస్సు స్టీరింగు తిప్పాలంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే మీ అన్నయ్య, తెల్లారకుండానే లేచి బూట్లు కట్టుకుంటున్నారు. కుక్క తరమకుండా మనిషి ఎందుకు పరిగెత్తాలండీ అంటే, "చలికాలం పోయేసరికి నలభై రెండు కిలోమీటర్లు. నేనూ చెల్లీ పక్కపక్కన. చూస్తూ ఉండు" అంటారు. అంత దూరం బస్సులో వెళ్ళినా నాకు నడుం పట్టేస్తుంది.

ఆదివారం గుంపు సంగతి నీకు తెలుసుగా. వాళ్ళకో వింత రూలు ఉంది. నెలకోసారి పరుగయ్యాక అందరూ కూరగాయల మార్కెట్లో బస్తాలు తూచే కాటా ఎక్కుతారు. ఎవరు ఎక్కువ తగ్గితే వచ్చే నెలంతా ఆదివారాలు వాళ్ళదే ముందు చోటు. మిగతావాళ్ళు వెనకే రావాలి, దాటడానికి లేదు. ఫైరింజన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన పెట్టిన రూలు ఇది. ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఈ నెల కాటా మీద ఎవరు నెగ్గారనుకున్నావు? మీ అన్నయ్య! ఇంటికొచ్చి తలుపు దగ్గర ఒకసారి, స్నానాల గదిలోంచి ఒకసారి, టీ తాగుతూ మళ్ళీ ఒకసారి చెప్పారు.

ప్యాంట్లన్నీ నడుము దగ్గర లోపలికి పట్టి కుట్టాను. రొట్టె సగం తిని పక్కన పెట్టేస్తున్నారు. పారేయడం ఇష్టంలేక ఆ సగం నేను తింటున్నాను. ఇలాగే సాగితే ఆయన బట్టల్లో మిగిలిన గుడ్డ నా జాకెట్లకు అతికించుకోవాలి. వెన్ను నొప్పి అంటున్నారు, దానికేం చేయాలో రాయి.

నీ వదిన

*

బడి స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వితే లెక్కల టీచరు కళ్ళజోడు దించి మరీ చూసింది. అన్నయ్య ముందు పరిగెత్తుతున్నాడా! ఇది నిజంగా రాసి పెట్టుకోవాల్సిన వార్త.

చిన్నప్పుడు బడిలో ఆటల పోటీలు జరిగితే అన్నయ్య పని ఏమిటో తెలుసా? పరిగెత్తేవాళ్ళ చెప్పులూ వాచీలూ పట్టుకుని గీత పక్కన నిలబడటం. లావుగా ఉండేవాడని ఏ జట్టూ తీసుకునేది కాదు. నేను గెలిస్తే మాత్రం నాకన్నా తనే ఎక్కువ ఎగిరేవాడు, చేతుల్లో ఉన్న చెప్పులు కిందపడేసుకుని. డ్రిల్లు టీచరునయ్యానంటే సగం ఆ ఎగరడం చూసే.

తిండి తగ్గిందని బెంగపడకు. దూరం పరిగెత్తిన రోజు నాకూ ముద్ద దిగదు. బరువు దిగేకొద్దీ మోకాళ్ళకు భారం తగ్గుతుంది, ఊపిరి అందుతుంది, వేగం దానంతటదే వస్తుంది. ఇంకా తగ్గమను. వెన్ను నొప్పి కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాళ్ళకూ ఉండేదే. నేల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెలకు హత్తుకోమను, రోజూ. వేడి నీళ్ళ సంచి పెట్టు.

ఇక్కడ చలి ఎముకలు కొరికేస్తోంది. హాస్టల్ పిల్లలు లేవకముందే చెరువు రోడ్డు మీద పరిగెత్తి వస్తాను. పొగమంచులో నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒక్కదాన్నే అయినా ఒక్కదాన్ననిపించదు. అదే వేళకు అన్నయ్య కూడా అక్కడ రొప్పుతూ ఉంటాడు కదా అనుకుంటాను.

నీ మరదలు

*

కుట్టు షాపు

మరదలా,

కాటా మళ్ళీ మీ అన్నయ్యకే ఓటేసింది. వరసగా రెండో నెల! ఇప్పుడాయన నడక చూడాలి నువ్వు. చేతులు కాస్త దూరంగా పెట్టి, దారి మధ్యలో నడుస్తున్నారు. వీధిలో బేకరీ ఆయన "మీ ఆయనకు పదేళ్ళు తగ్గాయమ్మా" అన్నాడు. ఆ మాటకు నేనే సిగ్గుపడ్డాను.

ప్యాంట్లు మళ్ళీ పట్టాను, ఈసారి చొక్కాలు కూడా. డిపోలో ఇచ్చే కోటు భుజాల దగ్గర జారిపోతోంది, విప్పదీసి కుట్టాను. పెళ్ళప్పటి చొక్కా ఒకటి పెట్టె అడుగున ఉంటే తీసి వేయించాను. పట్టింది! వదులైంది కూడా.

ఒక్కటే చిత్రం. ఆదివారం గుంపు ఇప్పుడు మునుపటికన్నా ఆలస్యంగా ఇంటికి చేరుతోంది. ముందున్న మనిషి మెల్లగా పోతే వెనకవాళ్ళూ మెల్లగానే పోవాలి కదా. పళ్ళ డాక్టరు సణిగాడట. కెప్టెన్ కసిరి, "మనవాడు అందరినీ కలుపుకుని పోతున్నాడు, చూసి నేర్చుకో" అన్నాడట. ఆ మాట కూడా నాకు టీ దగ్గర ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి అందింది.

పరుగు నుంచి రాగానే బూట్లతోనే నిద్రపోతున్నారు. నువ్వు చెప్పిన మోకాళ్ళ కసరత్తు చేస్తున్నారు గానీ నొప్పి పెద్దగా తగ్గినట్టు లేదు. ఇంకేమన్నా ఉంటే చెప్పు.

నీ వదిన

*

బడి, ఆటల సామాను గది

వదినా,

ఈ ఒక్కసారికి చిన్న ఉత్తరంతో సరిపెట్టుకో. వచ్చేవారం పిల్లల పోటీలు, బంతులకు గాలి కొడుతూ రాస్తున్నాను.

అన్నయ్య బ్రహ్మాండంగా చేస్తున్నాడు. నా దగ్గర ఇన్నేళ్ళలో ఎంతోమంది పిల్లలు పరుగు నేర్చుకున్నారు, ఒక్కరు కూడా ఇంత తొందరగా దారిలో పడలేదు. నిద్ర మంచిదే, పోనివ్వు. పోటీకి మా ఇద్దరికీ ఒకే గుడ్డతో బనియన్లు కుట్టిపెట్టవూ? చంకల్లో ఒరుసుకోకుండా ఉండాలి. నా కొలతలు నీ దగ్గరున్నవే. అన్నయ్యవి మాత్రం చివర్లో తీసుకో, అప్పటికి ఇంకా తగ్గుతాడు.

నీ మరదలు

*

ఆసుపత్రి, రెండో అంతస్తు, వరండా బెంచీ

అమ్మాయ్,

కూర్చుని చదువు. పిల్లలు చుట్టూ ఉంటే తర్వాత చదువు.

బస్సు డ్రైవర్లకు ఏటా చేసే పరీక్షలు ఈమధ్య జరిగాయి. రక్తం చూసి డిపో డాక్టరు పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాడు. పరుగు వల్ల రక్తం పలచబడి ఉంటుందిలే అని మీ అన్నయ్య నవ్వుతూ వెళ్ళారు, వెంట నన్ను కూడా రానివ్వలేదు. రెండోసారి మాత్రం డాక్టరే నన్ను తీసుకురమ్మన్నాడు. కడుపులో, వెన్నుకు ఆనుకుని గడ్డ ఉందట. కాలేయానికి కూడా పాకిందట. కోసి తీసేయడానికి లేదు. మందులు నొప్పి తగ్గించడానికే. "ఎన్నాళ్ళు?" అని నేను అడగలేదు, ఆయనే అడిగారు. ఈ చలికాలం గడిస్తే గొప్పే అన్నట్టుగా చెప్పాడు డాక్టరు, ఇంకొంచెం మర్యాదగా.

ఆయన ఏడవలేదు. మెట్లు దిగుతూ, "చెల్లికి చెప్పకు. పోటీ అయ్యేదాకా చెప్పకు. తెలిస్తే మానేసి వచ్చి కూర్చుంటుంది. నన్ను ఇలా చూడటం నాకిష్టం లేదు" అన్నారు. చేతిలో చెయ్యి వేయించుకున్నారు. వేశాను.

వేసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. ఆయనకు ఇన్నేళ్ళలో ఏ మాటా తప్పలేదు. కానీ రేపు నువ్వు వచ్చి, "వదినా, తెలిసి కూడా నాకు చెప్పలేదా" అని అడిగే రోజు నాకొద్దు. నీకు ఉన్నది ఒక్క అన్నయ్య. ఏం చేయాలో నువ్వే చెప్పు. నాకు తోచడం లేదు.

నీ వదిన

*

హాస్టల్, నా గది

వదినా,

ఉత్తరం అందిన రోజు ఏం చేశానో గుర్తులేదు. పిల్లలతో పరుగు పెట్టించానట, ఈల ఊదానట. సాయంత్రం గదికి వచ్చి తలుపేసుకున్నాక నీ ఉత్తరాలన్నీ వరసగా పరిచి చదివాను. నేను నీకు ఏం రాశానో కూడా ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. "ఇంకా తగ్గమను" అన్నాను. తిండి పోతే మంచిదన్నాను. నిద్ర మంచిదన్నాను. నొప్పితో ఉన్న మనిషిని నేల మీద పడుకోబెట్టి కసరత్తు చేయించాను. పిల్లలకు కాలు బెణికితేనే నాలుగుసార్లు చూసేదాన్ని, అన్నయ్య మనిషి మనిషే కరిగిపోతుంటే శభాష్ అన్నాను.

నిన్న ఫోన్ చేశాను. నువ్వు పక్కనే ఉన్నావు, విన్నావు. "మోకాలు కాస్త మొరాయిస్తోందే, ఈ రెండు వారాలూ పరుగుకు సెలవు" అన్నాడు. ఐసు పెట్టు అన్నాను. సరే టీచరమ్మా అన్నాడు. ఇద్దరం నవ్వాం. నా జీవితంలో అంత సిగ్గుమాలిన నవ్వు నవ్వలేదు వదినా.

నేను వస్తాను. నీ మాట పోనివ్వను. మీ ఊళ్ళో బడుల పోటీలున్నాయి, పిల్లల్ని తీసుకుని వస్తున్నానని చెబుతాను. రెండు రోజులుంటాను. ఏమీ తెలియనట్టే ఉంటాను. కానీ ఎప్పుడో ఒకప్పుడు అన్నయ్యతో నిజంగా మాట్లాడాలి, తను పోకముందే. మోకాలు గురించీ ఐసు గురించీ మాట్లాడుకుంటూ మేమిద్దరం విడిపోవడం నావల్ల కాదు. నాకు కావలసింది అదొక్కటే.

నీ మరదలు

*

కుట్టు షాపు, షట్టరు సగం దించి

అమ్మాయ్,

ముందు ఒక మాట. నీ మీద నువ్వు వేసుకుంటున్న నిందలో నాకూ వాటా ఉంది. నువ్వు దూరాన ఉండి శభాష్ అన్నావు. నేను దగ్గరుండి, టేపు పట్టుకుని, మూడుసార్లు ఆ బట్టలు లోపలికి పట్టి కుట్టాను. కొలతలు చూసి బతికేదాన్ని, నాకే అనుమానం రాలేదు. నీకెలా వస్తుంది? రెండు నెలల ముందు వచ్చినా పెద్దగా తేడా ఉండేది కాదని డాక్టరు అన్నాడు. నిజమే చెప్పాడో, నన్ను ఓదార్చాడో తెలియదు. నేను నమ్మదలుచుకున్నాను. నువ్వూ నమ్ము.

నువ్వు వస్తున్నావని ఫోన్‌లో వినగానే ఆయన కంగారుపడిపోయారు. రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే నన్ను పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకుని అడిగారు. కోటుకు లోపల దూది పెట్టి కుట్టమని. భుజాల దగ్గర, ఛాతీకి, వీపుకి. "పాత మనిషిలా కనబడాలి. నీకు రాని పనా?" అన్నారు.

బిగించి కుట్టిన కుట్లన్నీ విప్పాను. పొరలు పొరలుగా దూది పరిచి, అక్కడక్కడా టాకాలు వేసి, మీద అస్తరు గుడ్డ కప్పాను. ఎబ్బెట్టుగా కనబడకుండా నాలుగుసార్లు వేయించి చూశాను. ఎంత బాగా కుదిరితే నాకు అంత ఏడుపొచ్చింది. ఆయన మాత్రం చేతులు ఊపి చూసుకుని, "మా ఆవిడ పనిమంతురాలు" అన్నారు.

రా. కోటు కనబడితే కనబడనట్టే ఉండు. ఇంత కష్టపడి మీ అన్నయ్య ఆడుతున్న నాటకం, మధ్యలో లేచి రావద్దు. మాట్లాడటం సంగతి తర్వాత చూద్దాం.

నీ వదిన

*

హాస్టల్, నా గది

వదినా,

బస్సు కదిలాక కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటులో పెద్దావిడ ఏమీ అడగకుండా తన శాలువా సగం నా మీద కప్పింది.

తలుపు తీసి, "రావే టీచరమ్మా" అని రెండు చేతులూ చాచాడు కదా. నేను వెళ్ళి పట్టుకున్నాను. చేతులకు దూది తగిలింది. ఇంకా గట్టిగా పట్టుకుంటే దూది వెనక ఎక్కడో అన్నయ్య తగిలాడు. నా మొహం తన భుజం మీద ఉండబట్టి సరిపోయింది. నువ్వు వంటగదిలోంచి గిన్నె కిందపడేశావు, కావాలనే పడేశావని నాకు తెలుసు.

రెండు రోజులూ పోటీ దారి గురించే మాట్లాడాడు. ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ నీళ్ళు ఇస్తారో కాగితం మీద గీసి చూపించాడు. నేను బుద్ధిగా తలూపాను. చెమటలు కారుతున్నా కోటు విప్పలేదు. "ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది కదూ" అంటే, అవును ఎక్కువగానే ఉంది అన్నాను. తనకు నేను తెలుసు, తను నాకు తెలుసు. అయినా ఇద్దరం ముక్కూమొహం తెలియని ప్రయాణికుల్లా వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నన్ను క్షమించు వదినా. శనివారం మళ్ళీ వస్తున్నాను, బడికి సెలవు పెట్టాను. ఈసారి చెప్పేస్తాను. నీ మాట పోతుందేమో, పోకుండా చూస్తాను గానీ హామీ ఇవ్వలేను. అన్నయ్యకు కోపం వస్తే రానీ. కోపంగానైనా నాతో నిజం మాట్లాడతాడు.

నీ మరదలు

*

కుట్టు షాపు

రా అమ్మాయ్. శనివారం దాకా కూడా ఆగకు, శుక్రవారమే రా. నొప్పికి మందు ఎక్కువ చేశారు, మధ్యాహ్నం పూట మాత్రం తెలివిగా ఉంటున్నారు. ఆ వేళకు నేను షాపులో పని ఉందని వెళ్ళిపోతాను. నా మాట గురించి ఆలోచించకు.

వదిన

*

కుట్టు షాపు
చలి తగ్గుముఖం పట్టాక

అమ్మాయ్,

అంతా అయిపోయి నువ్వు వెళ్ళిన తర్వాత ఈ వారమే షట్టరు తీశాను. మెషీన్ మీద దుమ్ము తుడవడానికే సగం పూట పట్టింది. కుట్టడం మొదలుపెడితే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కాసేపు బాగానే ఉన్నాననిపించింది, అలా అనిపించినందుకు బాధేసింది.

కెప్టెన్ వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత, "ఆ కాటా రూలు నేనే పెట్టానమ్మా" అన్నాడు. అంత పెద్ద మనిషి, మంటల్లోంచి మనుషుల్ని మోసుకొచ్చినవాడు, చిన్నపిల్లాడిలా ముక్కు తుడుచుకున్నాడు. టీ తెప్పించి తాగించాను. గుంపు ఆ కాటా ఎక్కడం మానేసిందట. మంచిదన్నాను.

ఇల్లు మాత్రం ఊరుకోవడం లేదు. అన్నిటినీ చూసేశాను. ఆయన అల్మారా, ఆయన డిపో సంచి, ఆయన ఫోన్‌లో ఫోటోలు. ఆయన చెప్పే నాలుగు జోకులూ నాకు వరసతో సహా వచ్చు. ఇక ఆయన గురించి నాకు కొత్తగా తెలిసేది ఏమీ మిగల్లేదు, ఒక్కటి తప్ప.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారు? నేను షాపు నుంచి వచ్చేసరికి కోటు కుర్చీ మీద ఉంది. ఆయన ఉత్త బనియనుతో, నీ శాలువా కప్పుకుని ఉన్నారు. ఇద్దరి కళ్ళూ ఉబ్బి ఉన్నాయి, ఇద్దరూ నవ్వుతున్నారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పుడది మీ అన్నాచెల్లెళ్ళ సంగతి అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. మంచైనా చెడైనా ఉన్నదున్నట్టు రాయి. ఆయన మాట ఇంకొకటి వినాలని ఉంది.

నీ వదిన

*

బడి స్టాఫ్ రూమ్

వదినా,

జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. పోటీ అయ్యాక రాద్దామనుకున్నాను, అయ్యాక కూడా వారం గడిపాను.

పోటీ సంగతి ముందు చెబుతాను. పరిగెత్తాను. అన్నయ్య కోసం కాదు. "నా ఫోటో వీపుకి అంటించుకుని పరిగెత్తావంటే ఊరుకోను, నీ కాళ్ళకు ఇష్టమైతేనే పరిగెత్తు" అన్నాడు ఆ రోజు. నా కాళ్ళకు ఇష్టమైంది. దారిలో ఎక్కడో ఒకచోట గుండె బద్దలై ఏడుస్తాననుకున్నాను. ఏమీ కాలేదు. మడమ దగ్గర బొబ్బ చిట్లింది, దాని గురించే ఆలోచిస్తూ చివరిదాకా వచ్చాను. ఎవరో మెడలో పతకం వేశారు. అరటిపండు తిని బస్సెక్కాను.

ఆ మధ్యాహ్నం నేను, "అన్నయ్యా, గది వెచ్చగానే ఉంది, కోటు విప్పు" అన్నాను. గుండీల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మీ వదిన చెప్పిందా?" అన్నాడు. లేదు, మొన్న పట్టుకున్నప్పుడే దూది తగిలిందన్నాను. నమ్మాడు వదినా. నువ్వు మాట తప్పావని తనకు తెలియకుండానే పోయాడు. "ఇంకాస్త గట్టిగా కూరమన్నాను, వినలేదు" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఒక చెయ్యి నేను లాగాను, ఇంకో చెయ్యి తను తీసుకున్నాడు.

తర్వాత అన్నీ మాట్లాడుకున్నాం. భయంగా ఉందన్నాడు. నొప్పికన్నా, నువ్వు ఒక్కదానివే షట్టరు దించుకుని ఇంటికి నడిచి రావడం తలుచుకుంటే భయమన్నాడు. నేను తన చేతులు రుద్దుతూ కూర్చున్నాను. నాకు కావలసింది దొరికింది. దానికి నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఇక నీకు చెప్పొద్దన్న మాట ఒకటుంది. చెప్పనని ఒట్టు కూడా పెట్టాను. నువ్వు ఉన్నదున్నట్టు రాయమన్నావు. ఎన్నో రోజులు ఆలోచించాను. ఆయన మాట ఇంకొకటి వినాలని ఉందన్నావు కదా, ఇది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

చలి మొదలవకముందే లోపల నొప్పి ఉండేదట. అది పరుగు నొప్పి కాదని తనకు తెలుసట. మరి నోరు విప్పలేదేం అని నేను కసిరాను, ఆ స్థితిలో ఉన్న మనిషి మీద కేకలేశాను. మొదట, "అందరికన్నా ముందు నడిపిస్తుంటే బాగుండిందే" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "మీ వదిన బట్టలు పట్టి కుట్టిన ప్రతిసారీ నాకు వేయించి, అద్దం ముందు నిలబెట్టేది. వెనకనుంచి భుజాల మీద చేతులు వేసి అద్దంలో నన్ను చూసేది. అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఆసుపత్రికి వెళితే ఆ చూపు మారిపోతుంది. ఇంకో నెల, ఇంకో నెల అనుకున్నాను" అన్నాడు.

ఇది చెప్పి నీకు మేలు చేశానో, పుండు రేపానో తెలియడం లేదు. తిట్టాలనిపిస్తే తిట్టు. రాయడం మాత్రం మానకు.

నీ మరదలు

*

కుట్టు షాపు

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి షాపు మూసేశాను. నీ మీద కోపం లేదు. ఆయన మీద మాత్రం వచ్చింది, చాలా వచ్చింది. ఇంట్లో గట్టిగా అరిచాను కూడా, పక్కింటివాళ్ళు తలుపు కొట్టేంతగా. పోయిన మనిషిని ఇలా తిట్టొచ్చా అని తర్వాత అనిపించింది. ఈ రోజు కాస్త నెమ్మదించి రాస్తున్నాను.

డాక్టరు మాట పట్టుకునే ఉన్నాను, ముందు వెళ్ళినా బతికేవారు కాదనే అనుకుంటాను. కానీ ఇన్నాళ్ళు నొప్పిని ఒక్కరే మోయకుండా ఉండేవారు. నా చూపు కోసమట! ఆ పిచ్చి మనిషికి ఎవరు చెప్పాలి?

నేను ఆయన్ని ఎప్పుడూ అలాగే చూశాను. పొట్టతో ఉన్నప్పుడు, బస్సు దిగి ఆ సంచి ఊపుకుంటూ వస్తుంటే ఈ మెషీన్ మీద చెయ్యి ఆపేసి కిటికీలోంచి అలాగే చూసేదాన్ని. నిద్రపోతున్నప్పుడు చూసేదాన్ని. అన్నం తింటున్నప్పుడు వెనకనుంచి చూసేదాన్ని. అద్దం ఎదురుగా ఉండబట్టి ఆ మూడుసార్లు ఆయన కంటపడ్డాను, అంతే. ఇన్నేళ్ళ కాపురంలో నోరు తెరిచి ఒక్కసారి చెప్పి ఉంటే సరిపోయేది. తెలుసులే అనుకున్నాను. ఆయనకు తెలియదు.

నీ వదిన